1:32లో ఐసీఎఫ్ స్లీపర్ కోచ్‌ను సొంతంగా కట్టాలనుకుంటున్నాను: గేజ్, గోడలు, కప్పు గురించి సలహా కావాలి

ప్రశ్న: డాబా_రైలు, విశాఖపట్నం

అందరికీ నమస్కారం. మా డాబా మీద 45 మి.మీ. గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) ఉన్న మోడల్ రైలు పట్టాలు వేసుకుని ఇంతకాలం విదేశాల నుంచి తెప్పించిన యూరప్ పెట్టెలనే నడుపుతూ వచ్చాను. ఇంజనుకు మన రైల్వే రంగులు వేయించాక దాని వెనక ఆ పెట్టెలను తగిలిస్తే చూడబుద్ధి కావడం లేదు. అందుకని, ఒకప్పుడు ఏ స్టేషన్‌కు వెళ్లినా కనిపించిన రెండు నీలాల ఐసీఎఫ్ (చెన్నై ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) స్లీపర్ కోచ్‌ను 1:32 నిష్పత్తిలో, విడిభాగాల సెట్టు ఏదీ కొనకుండా, రేకు ముక్కల దగ్గర నుంచి నేనే కట్టాలని నిర్ణయించుకున్నాను.

అసలు కోచ్ కొలతలు సేకరించాను. బాడీ పొడవు 21,337 మి.మీ., వెడల్పు 3,245 మి.మీ., రెండు ట్రాలీల (పెట్టె కింద చక్రాలుండే చట్రాల) మధ్య బిందువుల దూరం 14,783 మి.మీ., ఒక్కో ట్రాలీలో ఇరుసుల మధ్య దూరం 2,896 మి.మీ., చక్రం వ్యాసం 915 మి.మీ. వీటిని 32తో భాగిస్తే వరుసగా సుమారు 667, 101, 462, 90.5, 28.6 మి.మీ. వస్తున్నాయి.

నా సందేహాలు మూడు. మన బ్రాడ్ గేజ్ 1,676 మి.మీ. కాబట్టి 1:32లో పట్టాల మధ్య 52.4 మి.మీ. ఉండాలి, నా దగ్గర ఉన్నది 45 మాత్రమే. ఈ తేడాను చూసీచూడనట్టు వదిలేయవచ్చునా, లేక నిష్పత్తినే మార్చుకోవాలా? రెండవది, గోడలకు ఏ సరుకు వాడాలి? సైన్‌బోర్డులు చేసే దుకాణంవారు 3 మి.మీ. ఫోమ్ షీటు మీద లేజర్‌తో కోసి ఇస్తామంటున్నారు, మిత్రుడొకరు మొత్తం త్రీడీ ప్రింట్ చేయించమంటున్నారు. మూడవది కప్పు, ఆ వంపును చేత్తో తీసుకురావడం ఎలాగో నాకు అంతుపట్టడం లేదు. మా పట్టాలలో ఎక్కువ వంపులు 3 మీటర్ల వ్యాసార్ధానివి, నీళ్ల ట్యాంకు పక్కన మాత్రం 1,195 మి.మీ. వంపు ఒకటి ఉంది. ఇక మే నెలలో మా డాబా మీద చెప్పులు లేకుండా అడుగు పెట్టలేము.

జవాబు: లేత్_సుబ్బారావు, సికింద్రాబాద్

గేజ్ సంగతి తరువాత చూద్దాం, ముందు వంపుల లెక్క చూడండి, ఎందుకంటే మీ కోచ్ నడుస్తుందా లేదా అన్నది అక్కడే తేలిపోతుంది. ట్రాలీల మధ్య 462 మి.మీ. దూరం ఉన్న పెట్టె 1,195 మి.మీ. వంపు మీదకు వచ్చినప్పుడు నడుము భాగం వంపు లోపలికి సుమారు 22 మి.మీ. జరుగుతుంది, చివరలు బయటికి సుమారు 24 మి.మీ. తోసుకువస్తాయి. అంటే పట్టాల మధ్య గీత నుంచి రెండు వైపులా కనీసం 75 మి.మీ. ఖాళీ ఉండాలి, దానికి మరికొంత కలుపుకుంటేనే ట్యాంకు గోడకు తగలదు. అదే 3 మీటర్ల వంపు మీద ఈ రెండు సంఖ్యలూ 9, 10 మి.మీ. దగ్గర ఆగిపోతాయి.

ఇది పైకి కనిపించే ఇబ్బంది. కనిపించనిది ట్రాలీ తిరిగే కోణం. 1,195 వంపు మీద ట్రాలీ బాడీ గీత నుంచి సుమారు 11 డిగ్రీలు తిరుగుతుంది, 3 మీటర్ల వంపు మీద నాలుగున్నర డిగ్రీల లోపే. పదకొండు డిగ్రీలు తిరిగిన చక్రం పక్కకు దాదాపు 9 మి.మీ. జరుగుతుంది, ఆ జరిగిన చోట తలుపు కింది మెట్లు, అడుగున వేలాడే పెట్టెలు ఎదురవుతాయి. కాబట్టి 45 మి.మీ. వెడల్పు, 667 మి.మీ. పొడవు ఉన్న చెక్కముక్క ఒకటి తీసుకుని, దానికి రెండు ట్రాలీలు బిగించి, మెట్లు వచ్చే చోట అట్టముక్కలు అంటించి, ఆ బోడి చట్రాన్ని పట్టాలన్నింటి మీదా చేత్తో తోసి చూడండి. గోడల గురించి ఆలోచించడం ఆ తరువాతి పని.

గేజ్ విషయానికి వస్తే, ఒక్కో వైపు లోటు 3.7 మి.మీ. పక్క నుంచి చూసేవారికి అది తెలియదు. చివరి పెట్టె వెనక నిలబడి చూస్తే మాత్రం కోచ్ కాళ్లు దగ్గరగా పెట్టుకుని నిలబడినట్టు తెలిసిపోతుంది. ట్రాలీ పక్క చట్రాలను అసలు కొలత ప్రకారం ఎక్కడ రావాలో అక్కడే ఉంచి, చక్రాలను మాత్రం లోపలికి జరిపి, చక్రం బయటి ముఖానికి ముదురు గోధుమ రంగు వేస్తే ఆ సందు నీడలో కలిసిపోతుంది. ఇది నచ్చకపోతే 1:37 అనే దారి ఒకటి ఉంది. 1,676ను 37.2తో భాగిస్తే సరిగ్గా 45 వస్తుంది. అప్పుడు మీ కోచ్ పొడవు 574, వెడల్పు 87 మి.మీ. అవుతుంది. యూరప్ కోచ్‌ల అసలు వెడల్పు 2,825 మి.మీ. కాబట్టి 1:32లో అవి 88 మి.మీ. ఉంటాయి, అంటే మన కోచ్ 1:37లో వాటి పక్కన నిలబెట్టినా సన్నగా కనిపించదు. తలుపుల ఎత్తు, మనుషుల బొమ్మలు మాత్రం కలవవు. నా వరకు నేను 1:32నే ఎంచుకుంటాను, ఎందుకంటే మన కోచ్‌కు ఉన్న ఆ భారీతనమే దాని అందం.

కొందరు పొడవు తగ్గించడానికి తొమ్మిది కూపేలలో ఒకటి రెండు ఎగరగొడతారు. స్లీపర్ కోచ్‌లో ఎక్కి తిరిగినవాడెవడికైనా అది చూడగానే ఏదో తగ్గిందని తెలిసిపోతుంది. దయచేసి ఆ పని చేయకండి.

జవాబు: మీటర్_గేజ్_అభిమాని, గుంతకల్లు

గేజ్ విషయంలో రాజీ పడడం ఇష్టం లేకపోతే 45 మి.మీ. పట్టాల మీద నూటికి నూరుపాళ్లు న్యాయంగా కూర్చునేది మన మీటర్ గేజ్ పెట్టె. 1,000ని 22.5తో భాగిస్తే 44.4 వస్తుంది, తోట రైళ్లలో 1:22.5 నిష్పత్తి స్థిరపడింది కూడా మీటర్ గేజ్‌ను దృష్టిలో పెట్టుకునే. గుంటూరు నుంచి గుంతకల్లు, పాకాల నుంచి ధర్మవరం, సికింద్రాబాద్ నుంచి మన్మాడ్, ఇవన్నీ ఒకనాటి మీటర్ గేజ్ దారులే. ఆ పెట్టెలను గుర్తుపట్టి ముచ్చటపడే పెద్దవారు మీ ఊళ్లోనూ ఉంటారు. ఇంకా చిన్నదానితో చెయ్యి అలవాటు చేసుకోవాలంటే డార్జిలింగ్ పెట్టెను 1:19లో 32 మి.మీ. పట్టాల మీద కట్టవచ్చు. రెండడుగుల గేజ్ కాబట్టి అక్కడా లెక్క సరిపోతుంది. అయితే మీరు ఇప్పటికే నీలం కోచ్ మీద మనసు పడ్డారని తెలుస్తూనే ఉంది, కనుక బలవంతపెట్టను.

డాబా_రైలు:

మీటర్ గేజ్ ఆలోచన బాగుంది కానీ, మీరన్నట్టు నా మనసు నీలం కోచ్ మీదే ఉంది. 1:32కే ఉండిపోతాను. ట్యాంకు పక్క వంపును తీసేయడం కష్టం, అక్కడ గోడకు మాత్రం 90 మి.మీ. ఖాళీ ఉంది. ఇప్పుడు సరుకు గురించి చెప్పగలరా?

జవాబు: షీటు_కత్తి, విజయవాడ

ఫోమ్ షీటును లేజర్‌తో కోస్తామన్న దుకాణానికి మళ్లీ వెళ్లకండి. ఆ షీటు పీవీసీ. లేజర్ తగిలితే అందులోని క్లోరిన్ ఘాటైన ఆమ్లవాయువుగా బయటికి వస్తుంది, అది ఊపిరితిత్తులకూ యంత్రానికీ చేటు. కత్తితో కోసుకుని లోపలి అడ్డగోడలకు, బెర్తులకు వాడుకుంటే ఫోమ్ షీటు అంత చవకైన మంచి సరుకు లేదు. బయటి గోడకు మాత్రం పనికిరాదు: గోరు నొక్కితే గుంట పడుతుంది, కిటికీ అంచు ఎంత పదునైన కత్తితో కోసినా మెత్తగా, గింజగింజగా కనిపిస్తుంది.

అక్రిలిక్ లేజర్‌కు చక్కగా లొంగుతుంది. కానీ లేజర్ వేడికి కోసిన అంచులో ఒత్తిడి మిగిలిపోతుంది, ఆ అంచుకు అతికించే ద్రావకం తగలగానే వెంట్రుకల్లాంటి పగుళ్లు పాకుతాయి. కిటికీ మూలల దగ్గర మొదలైన పగులు రంగు వేశాక కూడా ఆగదు.

నేను చెప్పేది హిప్స్ షీటు. ప్యాకింగ్ ట్రేలు తయారుచేసేవారు వాడే తెల్లటి పాలీస్టైరిన్ ఇదే. ప్లాస్టిక్ షీట్లు అమ్మే పెద్ద దుకాణాల్లో అర మిల్లీమీటరు నుంచి 2 మి.మీ. వరకు మందాల్లో అడగండి. విదేశీ మోడల్ షీట్లతో పోలిస్తే ధర చాలా తక్కువ. కత్తితో గీత పెట్టి వంచితే గీత వెంట చక్కగా విరుగుతుంది. గోడను రెండు పొరలుగా చేయండి. బయటి పొర 1 మి.మీ., అందులో కిటికీలు అసలు కొలతకు. లోపలి పొర 1.5 మి.మీ., అందులో కిటికీలు చుట్టూ 2 మి.మీ. పెద్దవిగా. అప్పుడు పారదర్శకమైన ముక్క లోపలి పొర గాడిలో కూర్చుంటుంది, బయటి నుంచి చూస్తే కిటికీ గోడ మందం పలచగా, నిజమైన రేకు లాగా కనిపిస్తుంది. ఐసీఎఫ్ కోచ్ వెల్డింగ్‌తో కట్టిన ఉక్కు పెట్టె, కాబట్టి పాతకాలపు పెట్టెల మోడళ్లలో లాగా వరుసలు వరుసలుగా రివెట్లు తీర్చే శ్రమ లేదు.

రెండు పొరలను ద్రావకంతో అతికించేటప్పుడు లోపలి పొరకు అక్కడక్కడ సన్నటి రంధ్రాలు పెట్టాలి. ఆవిరి బయటపడే దారి లేకపోతే లోపలే చిక్కుకుని, కొన్ని వారాల తరువాత గోడను నెమ్మదిగా వంచేస్తుంది. ద్రావకంగా డైక్లోరోమీథేన్ వాడితే కిటికీలు తెరిచి, ఫ్యాన్ గాలి మీ ముఖం వైపు కాకుండా బయటికి పోయేలా పెట్టుకోండి.

మీ డాబా ఎండ గురించి ఇంకో మాట. అర మీటరు పైబడిన ప్లాస్టిక్ గోడను లోహపు నేల మీద గట్టిగా అతికించడం కుదరదు. ఉష్ణోగ్రత 25 డిగ్రీలు పెరిగితే 667 మి.మీ. పాలీస్టైరిన్ ఒక మిల్లీమీటరుకు పైగా పెరుగుతుంది, అదే పొడవు ఇత్తడి మూడో వంతు మిల్లీమీటరు కూడా పెరగదు. ఆ తేడా ఎక్కడికి పోవాలి? కోచ్ నడుము పైకి లేస్తుంది. బాడీని నేలకు మధ్యలో ఒక్క చోట మాత్రమే బిగించి, మిగిలిన స్క్రూలకు పొడవాటి గాడులు పెట్టండి.

ఇక కిటికీ ఊచలు. స్లీపర్ కోచ్‌కు ప్రాణం అక్కడే ఉంది. రెండు వైపులా కలిపి ముప్పైకి పైగా కిటికీలు, అన్నింటికీ అడ్డంగా ఊచలు, అత్యవసర కిటికీలకు మాత్రం ఉండవు. మోటార్ వైండింగ్ చేసే షాపుకు వెళ్లి 28 గేజ్ రాగి తీగ అడగండి. దాని మందం 0.376 మి.మీ., అంటే 1:32లో 12 మి.మీ. ఊచ. చుట్టగా వచ్చిన తీగ వంకరలు పోవాలంటే ఒక కొసను వైస్‌లో బిగించి, రెండవ కొసను పటకారుతో పట్టుకుని, తీగ కొంచెం సాగినట్టు చేతికి తెలిసే దాకా లాగండి. వదిలాక గీత గీసినంత తిన్నగా ఉంటుంది. ముక్కలు కోసి, గాడి గీసిన పలకలో ఎడం సరిచూసి పేర్చి, రెండు చివరలా సన్నటి హిప్స్ పట్టీకి అతికించి, ఒక్కో కిటికీకి ఒక్కో సెట్టు లోపలి వైపు నుంచి దించాలి. ఈ పని పూర్తయ్యే దాకా ఓపిక పట్టగలిగితే కోచ్ మీద మిగిలిన పనులేవీ మిమ్మల్ని భయపెట్టవు.

జవాబు: పొరల_ప్రింటర్, హైదరాబాద్

త్రీడీ ప్రింట్‌ను మరీ పక్కన పెట్టేశారు. ఒప్పుకుంటాను, మొత్తం బాడీని ప్రింట్ చేయడం తెలివైన పని కాదు: అంత పొడవుకు సరిపడే యంత్రం దొరకదు, ముక్కల అతుకులు రంగు కింద కూడా బయటపడతాయి, పొరల గీతలు పోయేదాకా ఉప్పుకాగితం రుద్దే సమయంలో హిప్స్ గోడ ఒకటి తయారైపోతుంది. పైగా ప్రింటర్లలో వాడే మామూలు పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, మే నెల ఎండలో ముదురు నీలం గోడ అంత వేడెక్కడం పెద్ద విశేషం కాదు.

కానీ ట్రాలీ పక్క చట్రాలు ఒకే అచ్చులో నాలుగు కావాలి, కప్పు మీది గాలి మూతలు వరుసగా ఎన్నో కావాలి, అడుగున బ్యాటరీ పెట్టెలు, గాలి రిజర్వాయర్లు, ట్రాలీ మీద కూర్చునే ఆల్టర్నేటర్ కావాలి. వీటికి ప్రింట్‌ను మించినది లేదు. ఒక్కో రకానికి ఒక్క నమూనా నున్నగా రెజిన్‌లో ప్రింట్ చేయించి, దానికి సిలికోన్ అచ్చు తీసి, పాలీయురేథేన్ పోసుకుంటే పది కోచ్‌లకు సరిపడా భాగాలు ఇంట్లోనే వస్తాయి.

ట్రాలీ గురించి ఎవరూ చెప్పని విషయం ఒకటి. చట్రాన్ని బిర్రుగా కడితే డాబా మీది ఎగుడుదిగుడు పట్టాల మీద ఒక చక్రం గాలిలో ఉంటుంది, మొదటి వంపులోనే పట్టాలు తప్పుతుంది. ఒక ట్రాలీ ముందుకూ వెనక్కూ మాత్రమే ఊగాలి, పక్కలకు ఊగకూడదు. రెండవది అన్ని వైపులా ఊగాలి. అప్పుడు పెట్టె బరువు మూడు బిందువుల మీద నిలుస్తుంది. ఇరుసు చివరలకు 3 మి.మీ. రంధ్రం, 6 మి.మీ. బయటి వ్యాసం ఉన్న ఎంఆర్63 బేరింగులు పెట్టండి. ప్రింటర్ల విడిభాగాల్లో సులభంగా దొరికే 623 బేరింగ్ చవకే కానీ దాని బయటి వ్యాసం 10 మి.మీ., ఇరుసు పెట్టెలో దాగదు.

జవాబు: చిత్రిక, రాజమహేంద్రవరం

కప్పు గురించి ఎవరూ చెప్పలేదు కనుక నేను రాస్తున్నాను. కోచ్ కప్పును ఒకే గుండ్రంగా ఊహించుకుని పీవీసీ గొట్టాన్ని సగానికి కోసేవారు ఉన్నారు. ఐసీఎఫ్ కప్పుకు నడి భాగం దాదాపు చదును, భుజాల దగ్గర మాత్రమే వంపు బిగుస్తుంది. కాబట్టి మూడు భాగాలుగా కట్టండి. 4 మి.మీ. ప్లైవుడ్‌తో కప్పు ఆకారంలో పలకలు కోసి 50 మి.మీ.కు ఒకటి చొప్పున నిలబెట్టి, రెండు భుజాల వెంట తలుపులకూ కిటికీలకూ కొట్టే పావు గుండ్రటి టేకు బీడింగును అతికించాలి. దాన్ని చిన్న చిత్రికతో, ఆ తరువాత ఉప్పుకాగితంతో పలకల వంపుకు తేవాలి. నడి భాగానికి అర మిల్లీమీటరు హిప్స్ రెండు పొరలు చాలు. ముందుగా షీటును ఇనుప గొట్టానికి గుడ్డతో చుట్టి కట్టి, మరిగిన నీళ్లు పోసి చల్లారనిస్తే వంపు పట్టుకుంటుంది, అతికించేటప్పుడు ఎదురుతిరగదు. కప్పు ఊడదీయగలిగేలా చిన్న అయస్కాంతాలతో నిలపండి. లోపలి బెర్తులు, దీపాలు ఏనాటికైనా చెయ్యి పెట్టవలసినవే.

రంగుకు కార్ల పెయింటు దుకాణంలో నీలాలు రెండూ కలిపించుకోవచ్చు. సముద్రం పక్క ఊళ్లో లాకర్ పెయింటు స్ప్రే చేసేటప్పుడు తేమ ఎక్కువగా ఉన్న రోజును వదిలేయండి: థిన్నర్ ఆవిరయ్యే చలువకు గాలిలోని తేమ రంగు మీద చేరి పాల మరకలా తెల్లబడుతుంది. హిప్స్ మీద మొదటి రెండు పూతలు పొడిపొడిగా, పలచగా పడాలి, తడిగా పడితే థిన్నర్ షీటును తినేస్తుంది.

అంకెలు రాసేటప్పుడు జాగ్రత్త. అయిదంకెల నంబరులో మొదటి రెండు అంకెలు తయారైన సంవత్సరం, మిగిలిన మూడూ 201 నుంచి 400 మధ్య ఉంటేనే అది స్లీపర్. ఐసీఎఫ్ ఫ్యాక్టరీ ఈ రకం కోచ్‌ల తయారీని 2018 జనవరిలో ఆపేసింది, కాబట్టి 19తో మొదలయ్యే నంబరు రాస్తే తెలిసినవారు పట్టేస్తారు. చివరి గోడ మీద పీఓహెచ్ (నిర్ణీత కాలానికోసారి జరిగే పూర్తి మరమ్మతు) చేసిన వర్క్‌షాపు, తేదీ, తిరిగి రావలసిన తేదీ రాస్తారు. లల్లాగూడ అని రాయాలా, తిరుపతి అని రాయాలా అన్నది మీ ఇష్టం. అసలు పెట్టెలను దగ్గర నుంచి కొలవాలంటే యార్డుల్లోకి వెళ్లవద్దు, చెన్నైలో ఐసీఎఫ్ పక్కనే ఉన్న రైలు మ్యూజియానికి టేపు పట్టుకుని వెళ్లండి.

డాబా_రైలు:

ఇన్ని వివరాలకు కృతజ్ఞతలు. చట్రం చెక్కతో పరీక్ష ఈ వారమే చేస్తాను. చివరిగా ఒక సందేహం: ఇలాంటివి రెండు కోచ్‌లు కట్టి తగిలిస్తే ట్యాంకు వంపు మీద ఒకదానికొకటి తగులుతాయా?

జవాబు: లేత్_సుబ్బారావు, సికింద్రాబాద్

తగులుతాయి. బఫర్ల (పెట్టె చివరల్లో తాకిడిని తట్టుకునే స్ప్రింగు ముట్టెల) కొసల వరకు అసలు పొడవు 22,297 మి.మీ., అందులో బాడీ పోగా రెండు పెట్టెల మధ్య మిగిలేది 960, మీ నిష్పత్తిలో 30 మి.మీ. 1,195 వంపు మీద పక్కపక్క పెట్టెల మధ్య కోణం 33 డిగ్రీలు అవుతుంది, లోపలి వైపు మూలలు సరిగ్గా ఆ 30 మి.మీ.నీ మింగేసి ఒకదానినొకటి తాకుతాయి. బఫర్లు అంతకు ముందే అడ్డుపడతాయి. 3 మీటర్ల వంపు మీద మూలల మధ్య 18 మి.మీ. మిగులుతుంది, స్ప్రింగు బఫర్లు ఒక్కోటి మూడున్నర మి.మీ. లోపలికి పోతే చాలు. ట్యాంకు వంపును ఉంచుకోవాలంటే పెట్టెల మధ్య లంకె కడ్డీని 38 మి.మీ. చేసుకుని, ఆ చివరల బఫర్లను పూర్తిగా లోపలికి నొక్కి బిగించేయండి. మూలల మధ్య ఏడు మి.మీ. దక్కుతుంది. వెస్టిబ్యూల్‌ను (ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు నడిచే మూతదారిని) మడతలు పెట్టిన నల్లటి పలచని గుడ్డతో, ఒక పెట్టెకు మాత్రమే అతికించి, రెండవ పెట్టెకు ఆనించి వదిలేయండి.